తెల్ల చుక్క: మన బడి కెమెరా చరిత్ర

మన బడి పాత గ్రూపు ఫొటోలు ఇంట్లో ఉన్నవాళ్లు ఇది చదివే ముందు ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. గట్టి అట్ట మీద అంటించి, కింద స్టూడియో ముద్ర వేసిన పెద్ద ఫొటో కాదు. పోస్టుకార్డు సైజులో, అంచులు కాస్త వంకరగా కత్తిరించి ఉండే నలుపు తెలుపు ఫొటో. అందులో కుడివైపు పైమూల దగ్గర, వేపచెట్టు కొమ్మల్లోనో వరండా పెంకుల మీదో, ఒక తెల్ల చుక్క ఉంటుంది. దాని కిందనే, కొంచెం ఎడంగా, ఇంకా చిన్నది మరొకటి. చాలా ఇళ్లలో అది నీటి మరక అనుకుంటారు. మా బ్యాచ్‌లో ఒకాయన అది పగటి చుక్క అని మనవళ్లకు చెప్పుకుంటున్నాడు.

మన సంఘం రజతోత్సవ సంచికలో ఇలాంటి ఫొటోలు పదకొండు వేశారు. అన్నిటి కిందా ఒక స్టూడియో సౌజన్యం అని ఉంది. అది సరికాదని చెప్పడానికే ఈ వ్యాసం. ఆ ఫొటోలు తీసింది మన డ్రాయింగు మాస్టారు. తీసిన కెమెరా మన సైన్సు ల్యాబుది. ఈ రెండు మాటలకూ ఇప్పుడు రుజువు ఉంది.

పాత పెంకుల ల్యాబు పడగొట్టబోతూ, బీరువాల్లో ఉన్నవి జాబితా రాయడానికి రమ్మని హెడ్మిస్ట్రెస్ గారు నిరుడు మాలో నలుగురిని పిలిచారు. గాల్వనోమీటర్లు, మూతలేని రెసిస్టెన్సు పెట్టెలు, ఎలుకలు కొట్టిన మాగ్నెట్ల పెట్టె దాటాక అడుగున ఒక రేకు ట్రంకు. అందులో తోలు సంచీలో కెమెరా, దాని పక్కన బిస్కెట్ల డబ్బాలో నెగెటివ్‌లు. స్టాకు రిజిస్టరులో దాని పద్దు దొరికింది: "రష్యా కెమెరా 1, భిలాయిలో పనిచేయుచున్న పూర్వ విద్యార్థి బహూకరణ." తేదీ ఉండాల్సిన గడి చెదలు తినేశాయి. దాత పేరు రాయలేదు. సంఘం అనేది ఏర్పడక ముందే ఒక పూర్వ విద్యార్థి బడికి ఇచ్చిన వస్తువు ఇది. మన సంఘం లెక్కల పుస్తకం ఆయనతో మొదలుపెట్టాలని నా మనవి.

భిలాయి అన్న ఒక్క మాటతో దారి తెలుస్తుంది. సోవియట్ సాయంతో భిలాయి ఉక్కు కర్మాగారం కట్టడానికి ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల్లో అక్కడ రష్యా ఇంజనీర్ల పక్కన మన జిల్లాల కుర్రాళ్లు చాలామంది పనిచేశారు. అలా చేతులు మారి మన ఊరు చేరింది.

కెమెరా పైన చెక్కిన మూడు అక్షరాలు చూసి ల్యాబు అటెండరు "ఇదేం భాషండీ" అన్నాడు. మొదటిది సున్నాకు నిలువుగీత గీసినట్టు, రెండోది తిరగేసిన ఇంగ్లీషు ఈ లాగా, మూడోది పొట్టికాళ్ల గుడిసె బొమ్మలాగా. పక్కన 2 అంకె. రష్యన్‌లో అది 'ఫెడ్-2'. ఆ పేరు వెనక ఉన్న కథ తెలిశాక నాకు ఈ కెమెరా మన బడికే రావడం విచిత్రంగా తోచింది. ఎందుకంటే ఫెడ్ కెమెరా పుట్టింది ఒక బడిలో.

మొదటి ప్రపంచయుద్ధం, ఆ తర్వాత అంతర్యుద్ధం, 1921 కరువు కలిసి రష్యా, ఉక్రెయిన్ వీధుల్లోకి లక్షల మంది అనాథ పిల్లల్ని తోసేశాయి. రైలు పెట్టెల కింద పడుకునేవాళ్లు, దొంగతనాలు చేసేవాళ్లు. 1920లో పోల్టావా దగ్గర అలాంటి పిల్లల కాలనీ ఒకటి అంతోన్ మకరెంకో అనే బడిపంతులికి అప్పగించారు. దానికి రచయిత గోర్కీ పేరు పెట్టుకున్నారు. 1926లో అది ఖార్కివ్ పక్కనున్న కుర్యాజ్‌కు మారింది. 1927 డిసెంబరులో ఖార్కివ్‌లోనే ఇంకొక కమ్యూను తెరిచి దాన్నీ మకరెంకో చేతికిచ్చారు. సోవియట్ రహస్య పోలీసు సంస్థను స్థాపించిన ఫెలిక్స్ ఎద్ముందొవిచ్ జెర్జిన్‌స్కీ అంతకు ముందు ఏడాది చనిపోయాడు. కమ్యూను ఆయన స్మారకం. ఉక్రెయిన్ పోలీసు శాఖ ఉద్యోగులు జీతాల్లోంచి ఇచ్చిన డబ్బుతో దాన్ని కట్టారు. ఆయన పేరులోని మూడు మొదటి అక్షరాలే ఫెడ్.

మకరెంకో పద్ధతి టీచర్లు చాలామందికి తెలిసిందే. పిల్లలు జట్లుగా ఉండేవారు, జట్టు నాయకులు మారుతుండేవారు. రోజులో కొన్ని గంటలు వర్కుషాపు, కొన్ని గంటలు పూర్తిస్థాయి సెకండరీ చదువు. మొదట బల్లలు, కుర్చీలు చేశారు. 1932లో కరెంటు డ్రిల్లులు చేసే కార్ఖానా పెట్టుకున్నారు. తర్వాత కన్ను ఇంకా పైకి పడింది. జర్మనీలో లైట్జ్ సంస్థ ఆస్కర్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరాను 1925 నుంచి అమ్ముతోంది. 1932లో దూరం కొలిచే సాధనాన్ని లెన్సుకు జతచేసిన లైకా-2 వచ్చింది. కమ్యూను వాళ్లు దాన్ని విప్పి, కొలతలు తీసి, అలాంటిదే తయారుచేశారు. 1934 నుంచి వరుసగా ఉత్పత్తి మొదలైంది. నిన్నటిదాకా జేబులు కొట్టిన పిల్లలు జర్మన్ వాచీపనివాళ్లతో సమానంగా పనిచేస్తున్నారన్నది ఆనాటి ప్రచారం. ప్రచారమే అయినా కెమెరాలు అబద్ధం కాదు. అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది గానీ చరిత్ర కాదు. కమ్యూనులో కెమెరా నమూనాలు సిద్ధమవుతున్న 1932-33లోనే ఉక్రెయిన్‌లో మహా కరువు. పల్లెల్లో ధాన్యం లాక్కుని పట్టణాలకు తరలించిన ఆ కరువులో లక్షలాది మంది చనిపోయారు. అప్పటి సోవియట్ ఉక్రెయిన్ రాజధాని ఖార్కివ్ వీధుల్లోకే ఆకలితో జనం వచ్చి పడిపోయారు. ధాన్యం లాగడంలో చేయి ఉన్న శాఖ పోషించిన బడిలో పిల్లలకు అన్నం, చదువు, పని దొరికాయి. ఈ రెండూ ఒకే ఊళ్లో ఒకే ఏడాది జరిగాయి. ఒకటి చెప్పి రెండోది మింగేయడం నాకు ఇష్టం లేదు. మకరెంకోను 1935లో అక్కడినుంచి కీవ్‌కు మార్చారు. 1939లో ఆయన పోయారు. ఆ దశాబ్దం ముగిసేసరికి కమ్యూను పోయి మామూలు కర్మాగారం మిగిలింది. జర్మన్ సైన్యం వచ్చినప్పుడు యంత్రాలు సైబీరియాలోని బెర్డ్స్క్‌కు తరలించారు. యుద్ధం తర్వాత ఖార్కివ్‌లో మళ్లీ మొదలుపెట్టారు. మన ఫెడ్-2 రకం 1955 నుంచి 1970 దాకా తయారైంది. కాబట్టి మన కెమెరాను పిల్లల చేతులు చేయలేదు. పేరు మాత్రం ఆ బడిదే.

పని చుట్టూ చదువును అల్లాలన్న ఆలోచన మనకూ కొత్త కాదు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీగారు నయీ తాలీం ముందుకు తెచ్చారు, జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళిక రాసింది. మన బడిలో తకిలి పీరియడు ఉండేదని పెద్ద బ్యాచ్‌ల వాళ్లకు గుర్తుండే ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తకిలి ఏ ఊళ్లోనైనా తిరుగుతుంది, దానికి ఏ శాఖ దయా అక్కర్లేదు. కానీ తకిలి పీరియడులో మనం తీసిన నూలు ఎవరికైనా పనికొచ్చిందా అంటే, ఫెడ్ ముందు మన తల కాస్త వంగుతుంది.

ఇక కెమెరా సంగతి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసినవాణ్ని. పాత స్ట్రోజర్ స్విచ్చులు విప్పి, తుడిచి, బిగించడంలో సగం జీవితం గడిచింది. అందుకని ఈ పని నా మీద పడింది.

ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా. లెన్సులోంచి చూసే రకం కాదు. ముందు రెండు కిటికీలు ఉంటాయి, ఫెడ్-2లో వాటి మధ్య 67 మిల్లీమీటర్లు. బొటనవేలు ముక్కు ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకు గెంతుతుంది. దూరంగా పెడితే తక్కువ గెంతుతుంది. రెండు కళ్ల మధ్య దూరం, ఆ కోణం తెలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. కెమెరాలో ఆ లెక్క లెన్సు చేస్తుంది. లెన్సు తిప్పితే వెనక ఒక మీట కదిలి లోపలి అద్దాన్ని తిప్పుతుంది. కంటికి రెండు బొమ్మలు కనిపిస్తాయి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నప్పుడు దూరం కుదిరినట్టు. త్రిభుజాలు ఎందుకు నేర్పుతారని మనం అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు ఆ బీరువాలోనే ఉంది.

దొరికినప్పుడు దాని పరిస్థితి చెప్పాలి. తోలు సంచీ గుండీలకు ఆకుపచ్చ చిలుము. లెన్సు ఇండస్టార్-26ఎం, నాలుగు గాజులది. లోపలి గాజు మీద సాలెగూడులా బూజు. మన గోదావరి గాలికి, తోలు సంచీకి, చీకటి బీరువాకి పుట్టిన బిడ్డ అది. దూరం సర్దే రింగు రాయిలా బిగుసుకుంది. షట్టరు నొక్కితే తెర సగం వచ్చి ఆగింది. సెల్ఫ్‌టైమర్ మీట అసలు కదల్లేదు. వెనకమూత అడుగున రెండు తాళపు చెవులు తిప్పితే మొత్తంగా ఊడి వస్తుంది. అది మాత్రం కొత్తదానిలా వచ్చింది. వేగాల చక్రం మీద 30, 60, 125, 250, 500 ఉన్నాయి. తొలి ఫెడ్-2ల మీద 25, 50, 100 ఉండేవి, కాబట్టి ఇది మొదటి విడత కాదు.

స్వర్ణోత్సవానికి తళతళలాడించాలని, తోలు మార్చించి కొత్త వెండిపూత వేయించాలని కమిటీలో ఒక అభిప్రాయం వచ్చింది. నేను ఒప్పుకోలేదు. కెమెరా అడుగున తెల్ల ఎనామెల్‌తో మాస్టారు సన్నని కుంచెతో రాసిన ల్యాబు నంబరు ఉంది. పూత వేయిస్తే ముందు పోయేది అదే. "తుడుస్తాను, నడిపిస్తాను, అందం జోలికి పోను" అన్నాను. ప్రెసిడెంటు గారు నవ్వి "సరే, నీ ఎక్స్ఛేంజీ నీ ఇష్టం" అన్నారు.

గ్రీజు ఎండి మైనంలా అయితే బలం ఉపయోగించకూడదు. సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలు చుక్కలుగా మరల్లోకి దించి, రాత్రంతా వదిలి, పొద్దున్న మళ్లీ దించాను. నాలుగో రోజుకు రింగు కదిలింది. లెన్సు మరలు ఒకదాన్నొకటి వదిలే చోట రెండు వైపులా గుర్తు గీసుకోవాలి. ఆ మరకు చాలా మొదళ్లు ఉంటాయి, వేరే మొదలు దగ్గర ఎక్కిస్తే రింగు మీది దూరాలన్నీ తప్పుతాయి. బూజు హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా కలిపి తుడిస్తే పోయింది. కానీ అది గాజు పూతను కొంత తినేసింది, ఆ గీతలు ఉండిపోతాయి. వెలుగుకు ఎదురుగా పెట్టి తీస్తే బొమ్మ కాస్త పాలిపోతుంది. రేంజ్‌ఫైండర్ లోపలి సగం వెండిపూత అద్దాన్ని గుడ్డతో తాకకూడదు, పూత గుడ్డతోపాటే వచ్చేస్తుంది. గాలి ఊది వదిలేశాను. రెండు బొమ్మల సర్దుబాటుకు బడి డాబా ఎక్కి ఊరవతల నీళ్ల ట్యాంకును గురిచూశాను. మా ఇల్లాలు ఆ వారమంతా నన్ను ట్యాంకు కాపలావాడు అని పిలిచింది.

షట్టరుకు వాచీ నూనె సూదిమొనతో పెట్టాను. కాంతిని పసిగట్టే చిన్న ట్రాన్సిస్టరును కంప్యూటరు మైకు రంధ్రానికి కలిపి వేగాలు కొలిచాను. 30, 60, 125 దాదాపు సరిగ్గా ఉన్నాయి. 500 అని పెడితే 300 దగ్గరే తిరుగుతోంది. స్ప్రింగు బిగిస్తే పెరుగుతుంది కానీ ఇన్నేళ్ల గుడ్డ చిరిగినా చిరుగుతుంది. అక్కడితో ఆపేశాను.

ఆ గుడ్డ దగ్గరే మన చుక్క బయటపడింది. ఈ కెమెరాల షట్టరు రెండు తెరలు. రబ్బరు పూసిన పలుచని నల్లగుడ్డ, ఒకదాని వెనక ఒకటి అడ్డంగా పరుగెడతాయి, వాటి మధ్య సందులోంచి వెలుగు ఫిల్ముకు తగులుతుంది. చీకటి గదిలో లెన్సు తీసి ముందు బల్బు పెట్టి వెనకనుంచి చూశాను. మొదటి తెరలో ఎడమ కింద మూల రెండు సూదిబెజ్జాలు మెరిశాయి. భూతద్దంలో చూస్తే అంచులు కాలి ఉన్నాయి. ఇది ఈ రకం కెమెరాలకు తెలిసిన జబ్బే. లెన్సు మూత పెట్టకుండా ఎండకు ఎదురుగా ఉంచితే లెన్సు భూతద్దంలా పనిచేసి సూర్యుణ్ని గుడ్డ మీద కాలుస్తుంది.

ఫిల్ము మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి పడుతుంది. కాబట్టి తెర మీద ఎడమ కింద ఉన్న బెజ్జం ఫొటోలో కుడి పైన కనిపించాలి. ఆ బెజ్జంలోంచి కారిన వెలుగు నెగెటివ్ మీద నల్ల చుక్క అవుతుంది, ప్రింటులో తెల్ల చుక్క. పెద్ద బెజ్జం పైన, చిన్నది కింద కొంచెం ఎడంగా. బీరువాలో దొరికిన కెమెరా, మన ఇళ్లలోని ఫొటోలు ఒకే మాట చెబుతున్నాయి.

ఇంకో సంగతి. చుక్క అన్ని ఫొటోల్లో ఒకే సైజులో ఉండదు. ఫిల్ము తిప్పి, తెర ఎక్కించి, లెన్సు మూత తీశాక ఎంతసేపు ఆగితే అంత వెలుగు కారుతుంది. టీచర్ల గ్రూపు ఫొటోలో చుక్క కనీకనబడకుండా ఉంది. ఎనిమిదో తరగతి 'బి' సెక్షన్ ఫొటోలో చిక్కుడు గింజంత ఉంది. ఆ సెక్షన్ వాళ్లు వరుసలో నిలబడటానికి ఎంతసేపు చేశారో లెక్క అక్కడే ఉంది, ఇక బుకాయించడం కుదరదు.

చుక్క ఒక్కటే చాలదని అనేవారి కోసం రెండో సాక్ష్యం. ఫిల్ము ముందు 24 గుణకం 36 మిల్లీమీటర్ల లోహపు చట్రం ఉంటుంది. మన కెమెరా చట్రానికి ఒక అంచున చిన్న నొక్కు. కర్మాగారంలో ఆకురాయి జారినట్టుంది. బిస్కెట్ల డబ్బాలోని నెగెటివ్‌లలో ప్రతి గడి అంచునా అదే నొక్కు, అదే చోట. వెన్నకాగితం కవర్ల మీద తరగతి, సంవత్సరం మాస్టారి చేతిరాతలో ఉన్నాయి. ఆ పొల్లు గీసే తీరు మనందరికీ బోర్డు మీద తెలిసిందే. రజతోత్సవ సంచికలోని పదకొండు ఫొటోల్లో ఎనిమిదింటి నెగెటివ్‌లు ఆ డబ్బాలో ఉన్నాయి. మిగతా మూడింటిలో చుక్క ఉంది.

నెగెటివ్‌లు అన్నీ దక్కలేదు. డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన కొట్టింది. అసిటేట్ ఫిల్ము పాడవుతూ వదిలే వాసన అది. ఒకటి మొదలైతే పక్కవాటికీ పాకుతుంది. కొన్ని ముడుచుకుపోయి తరంగాల్లా అయ్యాయి. దక్కినవి విడివిడిగా కాగితాల్లో పెట్టి, స్కాన్ చేయించాను. బెజ్జాల ఫొటోలు తీసి, కొలతలు రాసి, ఆ తర్వాతే వాటిని నల్లరంగుతో పలచగా మూశాను. సాక్ష్యం మాసిపోకుండా పని జరగాలి కదా.

డ్రాయింగు మాస్టారు ఒక్క గ్రూపు ఫొటోలోనూ లేరు. టీచర్ల ఫొటోలో అటెండరు కూడా ఉన్నాడు, ఈయన లేరు. ఆయనకు గర్వమని, అందరితో కలవరని ఒకప్పుడు స్టాఫు రూములో అనుకునేవారని విన్నాను. సెల్ఫ్‌టైమర్ విప్పితే లోపలి నూనె ఎండి పళ్లచక్రం గట్టిగా పట్టేసి ఉంది, ఒక చిన్న పన్ను విరిగింది. అది కట్టి ఉంటే ఆయన వెళ్లి నిలబడి ఉండేవారేమో చెప్పలేను. స్టూడియోకు డబ్బు కట్టలేని పిల్లలకు ప్రింటు ఊరికే ఇచ్చేవారని ఆ కాలపు వాళ్లు ముగ్గురు విడివిడిగా నాతో అన్నారు. కవర్ల మీద కొన్ని పేర్ల పక్కన చిన్న సున్నా ఉంది. వాళ్లు చెప్పిన ముగ్గురి పేర్ల పక్కనా ఆ సున్నా ఉంది.

ఒక నెగెటివ్‌లో మాత్రం ఆయన ఉన్నారనుకోవచ్చు. పొద్దుటి ఎండలో ఖోఖో జట్టు. అప్పటి పద్ధతి ప్రకారం సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని తీశారు. పిల్లల కాళ్ల ముందు నేల మీద పొడవాటి నీడ, రెండు మోచేతులూ పక్కలకు చాచి, తల కొంచెం వంచి. ఆ ఫొటో ఈ సంచికలో కత్తిరించకుండా, అడుగుభాగంతో సహా వేయమని సంపాదకులను కోరాను, వేశారు. ఈసారి ప్రతి పాత ఫొటో కిందా మాస్టారి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా అచ్చయింది. ఇక్కడ మళ్లీ రాయలేదు, మనకు డ్రాయింగు మాస్టారు అంటే ఒక్కరే.

బాగుచేశాక ఒక రీలు వేసి పరీక్షించాను. పదో తరగతి పిల్లలు ఇద్దరు కెమిస్ట్రీ ల్యాబులో డి-76 డెవలపరు కలిపి, సింకు పక్కన నిలబడి కడిగారు. ముప్పై ఆరులో ముప్పై ఒకటి నిలిచాయి. చుక్క లేదు. ఈ పిల్లలకు ఒక నియమం చెప్పాను, మీకూ చెబుతున్నాను: ఫిల్ము తిప్పి తెర ఎక్కించిన తర్వాతే వేగం మార్చాలి, ముందు కాదు. లెన్సు మూత తీసి ఎండలో బల్ల మీద పెట్టకూడదు.

కెమెరా ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ గారి గదిలో అద్దాల బీరువాలో ఉంది, సంచీ లేకుండా, సిలికా జెల్ పొట్లాలతో. తాళం సైన్సు టీచరు గారి దగ్గర. నెలకోసారి తీసి ప్రతి వేగంలోనూ నాలుగుసార్లు నొక్కాలని బీరువా తలుపుకు కాగితం అంటించాను. తెల్ల చుక్క ఉన్న ఫొటో మీ ఇంట్లో ఉంటే అసలుది ఇవ్వనక్కర్లేదు. రెండు వైపులా స్కాన్ చేసి, అందులోని వాళ్ల పేర్లు ఎడమనుంచి కుడికి రాసి సంఘం కార్యదర్శికి అందజేయండి. ఇప్పటికి నలభై రెండు మొహాలకు పేర్లు తెలియాల్సి ఉంది. భిలాయి నుంచి కెమెరా తెచ్చిన ఆ పూర్వ విద్యార్థి ఎవరో తెలిసినవాళ్లు ముందుగా ఆ కబురు చెప్పండి. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంచాను.